గ్రహణం నాటి ఉడుకు నీళ్ళు

ఇమ్మానుయేలు మాట ఇచ్చాడంటే మట్టెవాడలో సగం మంది నవ్వేవాళ్ళు, సగం మంది నమ్మేవాళ్ళు. నవ్వేవాళ్ళు కూడా బకెట్‌కు చిల్లి పడితే అతని కొట్టుకే రావాలి కాబట్టి ఆ నవ్వులను అతను ఖాతరు చేసేవాడు కాదు. రేకు పనీ రాగి పనీ తండ్రి ఏలియా దగ్గర అబ్బినవి. నోరు మాత్రం సొంత సంపాదన.

ఆ నోటికి ఈ మధ్య ఒకటే పాట దొరికింది. "మన ఓరుగల్లు ఎండను ఏటేటా తిట్టుడే గానీ, దానితోని ఒక్క పని చేయించుకున్నోడు లేడు. పొద్దు పొడిస్తే నెత్తి మీద పొయ్యి మండుతాంది. ఆ పొయ్యికి కట్టెలు అక్కర లేదు, కిరసనాయిలు అక్కర లేదు. మనమేమో గొడుగు పట్టుకొని దాని కిందికెల్లి పారిపోతానం." పాల క్యాను అతికించుకుందామని వచ్చినవాడికి కూడా ఈ ఉపన్యాసం తప్పేది కాదు.

దీనికంతటికీ మూలం కిందటేటి నుమాయిష్ ప్రదర్శన. హైదరాబాదు పోయి అందరూ రంగులరాట్నం ఎక్కుతుంటే ఇతను ఒక స్టాలు ముందు పాతుకుపోయాడు. అక్కడ ఎండలో పెట్టిన అద్దాల పెట్టె లోంచి కుళాయికి వేడి నీళ్ళు వస్తున్నాయి. భార్య సుశీల భుజం పట్టి లాగేదాకా కదల్లేదు. తిరిగొచ్చిన మర్నాటి నుంచి కొట్టు వెనక ఒకటే సుత్తి మోత. రాగి రేకు మీద రాగి గొట్టాలు అతికాడు, నల్ల రంగు పూశాడు, చెక్క పెట్టెలో పెట్టి పైన అద్దం బిగించాడు. పెట్టెకు ఎగువన ఒక డ్రమ్ము, ఆ డ్రమ్ము చుట్టూ ఇంకో పెద్ద డ్రమ్ము, రెండింటి మధ్య వరి ఊక. పెట్టెలో నీళ్ళు ఎండకు కాగి తేలికై వాటంతట అవే డ్రమ్ములోకి ఎక్కుతాయి, చల్లనివి కిందికి దిగి వాటి చోట్లో కాగుతాయి. మోటారు లేదు, కరెంటు లేదు. చూసినవాళ్ళు దానికి ఎండ పెట్టె అని పేరు పెట్టారు.

ఊక ఎందుకని అడిగితే ఖిలా వరంగల్ ముచ్చట చెప్పేవాడు. చిన్నప్పుడు అక్కడ మేనమామ ఇంటికి పోతే, పొద్దుగూకాక పిల్లలంతా కోట రాళ్ళ మీద కూర్చునేవాళ్ళు. ఎండ ఎప్పుడో పోయినా రాయి కింద నుంచి వెచ్చగా తగిలేది. "ఎండను పట్టుడు పెద్ద ముచ్చట కాదు. పట్టినదాన్ని పోనియ్యకుండ దాసుడే అసలు పని," అనేవాడు.

ఆ పెట్టె ఎక్కిన మొదటి మిద్దె బట్టల వ్యాపారి రాంచందర్‌ది. కొత్త వస్తువుల మీద మోజుతో పెట్టించుకున్నది కాదు, తల్లి కోసం పెట్టించాడు. తల్లి లక్ష్మీనర్సమ్మకు ఉబ్బసం. తెల్లవారకముందే స్నానం చేయందే గుక్కెడు మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి. స్నానానికి వేడి నీళ్ళు కావాలి, వేడి నీళ్ళకు బాయిలర్ ముట్టించాలి, ముట్టిస్తే పొగ, పొగకు దగ్గు, దగ్గుకు ఆయాసం. ఆ రాగి బాయిలర్ ఏళ్ళ కిందట ఇమ్మానుయేలు చేసిచ్చిందే. పడుచుతనంలో చేసిన పని, అంత నాజూకుగా మళ్ళీ చేయలేదని అతనే చెప్పుకునేవాడు. వీధిలో పోతుంటే ఆ ఇంట్లోంచి దగ్గు వినిపించిందంటే అతనికి తన మీద తనకే కోపం వచ్చేది.

పెట్టె బిగించే రోజున ముసలమ్మ పెరట్లో నిలబడి తలెత్తి చూసింది. "దాని మొఖం ఏ దిక్కుకు పెడుతానవ్?"

"దక్షిణం దిక్కు పెద్దమ్మా."

"యముని దిక్కా? నీళ్ళ కోసమేనా, నన్ను తోలనీకెనా?"

"చలికాలం సూర్యుడు ఆ దిక్కుకు ఒరిగి నడుస్తడు. నా పెట్టె యముణ్ణి సూస్తలేదు, సూర్యుణ్ణి సూస్తాంది."

"నోరున్నది నీకు," అని ఆమె లోపలికి పోయింది. వద్దనలేదు కాబట్టి సరేనన్నట్టే అని అతను మేకులు దిగగొట్టాడు.

పెట్టె పని చేసింది. కానీ ముసలమ్మకు ఆనలేదు. సాయంత్రం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్న నీళ్ళు, ఊక ఎంత కూరినా, తెల్లారేసరికి గోరువెచ్చగా మిగిలేవి. చలి రోజుల్లో ఆమె లెక్కన గోరువెచ్చన అంటే చన్నీళ్ళే. అందుకని వారంలో సగం రోజులు మళ్ళీ బాయిలరే మండేది, మళ్ళీ అదే పొగ, అదే దగ్గు. "నీ ఎండ పెట్టె బోళ్ళు కడగనీకె మంచిగున్నది," అని ఆమె అన్న మాట బజారంతా తిరిగి, తిరిగిన చోటల్లా కాస్త పెరిగి, అతని కొట్టుకు చేరింది. ఆ మాట ఇమ్మానుయేలుకు ముల్లులా గుచ్చుకుంది.

ఇంకో సంగతి ఉంది, అది ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. ఇమ్మానుయేలు క్రైస్తవుడు, వాళ్ళది గూడెం నుంచి వచ్చిన కుటుంబం. అతని చేతి మీదుగా పోయిన నీళ్ళు ఆ ముసలమ్మ ఒంటి మీద పడకూడదు. అతను మిద్దెకు బయటి మెట్ల మీదుగానే ఎక్కేవాడు, ఇంటి గడప తొక్కేవాడు కాదు. పెట్టెతో చిక్కేమీ లేదు. ఇంటివాళ్ళు తోడి పోసిన నీళ్ళు గొట్టంలో ఎక్కి గొట్టంలో దిగుతాయి, ఎవరి చెయ్యీ తగలదు. తాను అతికిన గొట్టాలకు లేని అంటు తన చేతికి ఎక్కడి నుంచి వచ్చిందో అతనికి ఎన్నడూ బోధపడలేదు. తలచుకుంటే ఒళ్ళు మండేది. చేతిలో పని ఉంటే తలచుకునేవాడు కాదు, చేతిలో ఎప్పుడూ పని ఉండేట్టు చూసుకునేవాడు.

ఎనభయ్యో సంవత్సరం ఫిబ్రవరిలో సూర్యగ్రహణం అన్నారు. మరిపెడ దిక్కు పట్టపగలు పూర్తిగా చీకటి పడుతుందనీ, వరంగల్లులో సూర్యుడు గోరంత మిగిలితే గొప్పేననీ చెప్పుకున్నారు. చూస్తే కళ్ళు పోతాయనీ, గాలి సోకితే కడుపులు పోతాయనీ ఎవరికి తోచింది వాళ్ళు కలిపారు. గ్రహణం ఇంకా వారముందనగా ఇమ్మానుయేలు కుళాయి బిగించడానికి రాంచందర్ మిద్దె ఎక్కాడు. ఆ ఇంటి కోడలు కళావతి బట్టలు ఆరేస్తోంది. ముఖం వాడిపోయి ఉంది.

"ఏమైంది కళావతమ్మా?"

"గ్రహణం అంటే బుగులైతాంది అన్నా. రెండేండ్ల కింద చంద్రగ్రహణం నాడు అత్తమ్మ విడుపు స్నానం బావి నీళ్ళతోని చేసింది. తెల్లారేటాల్లకు దవాఖాన్ల ఏసినం. ఊపిరి ఆడక కండ్లు తేలేసింది. ఇంకోసారి గట్ల సన్నీళ్ళు పోసుకుంటే మా చేతుల ఉండదని డాక్టరు చెప్పిండు."

"ఉడుకు నీళ్ళు పెట్టియ్యుండ్రి మరి."

"ఎట్ల పెడ్తం? పట్టు నుంచి విడుపు దాక పొయ్యి ముట్టియ్యద్దు. విడిసినంక ముందు స్నానాలు, గటెంకనే పొయ్యి. పోనీ ముందుగాల కాగబెట్టి పెడ్త అంటే, నిప్పు మీద కాగినయి వండినదానితోని సమానం, గ్రహణం పోయినంక పారబొయ్యాలె అంటది. స్నానం చెయ్యకుంటే మంచినీళ్ళు ముట్టది. ఆయన బతిమిలాడి బతిమిలాడి యాష్టకొచ్చిండు."

ఇమ్మానుయేలు పానా కింద పెట్టాడు. "నిప్పు మీద కాగినయి వద్దంటది. గంతేనా?"

"గంతే."

"నిప్పు మొఖం సూడని ఉడుకు నీళ్ళు మీ మిద్దె మీదనే ఉన్నయి గద."

కళావతి చేతిలో తడి చీర అట్లాగే ఉండిపోయింది. ఇద్దరూ ఆ ముక్క ఇన్నాళ్ళూ తట్టనందుకు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ముసలమ్మ పెరటి గడప లోపల కూర్చుంది, అతను పెరట్లో నిలబడి చెప్పాడు. ఆమె చాలాసేపు ఆలోచించింది. ఆచారం విషయంలో ఆమెను ఎవరూ మాయ చేయలేరు, తనను తాను కూడా మాయ చేసుకోదు. "ఎండల కాగినయి వండినట్టు కాదు," అంది చివరికి. "దర్భ ఏస్తే నడుస్తది. కానీ ఒక మాట. గోరువెచ్చగ తెచ్చి ఉడుకు అంటే నేనొప్ప. చెయ్యి పెట్టి సూస్త. సల్లగుంటే బావి నీళ్ళే పోసుకుంట. ఆ దినం సంది నీ పెట్టె నా మిద్దె మీద ఉండద్దు."

"గ్రహణం పట్టేది మధ్యాహ్నం రెండు దాటినంక. పొద్దటి సంది అప్పటిదాక ఎండంత మనదే. డ్రమ్ము డ్రమ్మే కాగుతది. మీరు సన్నీళ్ళు కలుపుకోవాలె పెద్దమ్మా, రాసిపెట్టుకోండ్రి."

ఆ మాట కూడా సాయంత్రానికల్లా బజారు చుట్టొచ్చింది. రాంచందర్ తల్లి ప్రాణం ఇమ్మానుయేలు డ్రమ్ములో ఉందని ఎవరో పరాచికమాడారు. అతను నవ్వలేదు. అది నిజమేనని అతనికి తెలుసు.

గ్రహణం శనివారం నాడు వచ్చింది. ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. పొద్దున్నే ఎండ చూసి ఇమ్మానుయేలు తన పెరట్లో చేతులు రుద్దుకున్నాడు. మధ్యాహ్నం కాగానే పానా సంచీలో వేసుకుంటుంటే సుశీల గుమ్మానికి అడ్డం నిలబడింది.

"అందరు తలుపులేసుకుంటాండ్రు. పాస్టరు గారు సుత బయట తిరగకుండ్రి అన్నడు. నీకే ఎందుకు?"

"ఒక్కపారి చెయ్యి పెట్టి సూసి వస్త. నేను సూర్యుని దిక్కు సూడ, పెట్టె దిక్కు సూస్త."

"అయ్యింది లేనిది ఇంటికొచ్చి నాకు చెప్పాలె," అంటూ ఆమె తప్పుకుంది. అతనితో వాదించి గెలవడం కన్నా ప్రార్థన చేసుకోవడం సులువని పెళ్ళైన కొత్తలోనే గ్రహించింది.

వీధులు అప్పటికే పలచబడ్డాయి. దుకాణాల రేకు తలుపులు ఒక్కొక్కటే దిగుతున్నాయి. అతను బయటి మెట్లు రెండేసి చొప్పున ఎక్కి మిద్దె మీదకు వచ్చాడు, వచ్చి అక్కడే నిలబడిపోయాడు.

పెట్టె మీద రెండు నల్ల గొంగళ్ళు పరచి ఉన్నాయి. అంచులు చక్కగా లోపలికి దోపి, గాలికి లేవకుండా ఇటుకలు కూడా పెట్టారు. డ్రమ్ము మూత మీద దర్భ పోచ. మూత తీసి మోచేతి దాకా ముంచాడు. బావి నీళ్ళు ఎట్లా ఉంటాయో అట్లా ఉన్నాయి.

కళావతి మెట్ల గది లోంచి వచ్చింది. "పొద్దుగాలనే కప్పిన అన్నా. పచ్చళ్ళ జాడీలు, బియ్యం డబ్బాలు అన్నీ కప్పుకుంట కప్పుకుంట, అత్తమ్మ నీళ్ళకు గ్రహణం మైల తగలద్దని దీన్ని సుత కప్పిన. ఎనుక నాకు మిద్దె ఎక్క వీలుండదని ముందే చేసిన. గొంగడి ఉంటే ఉడుకు సుత పోదు గద?"

ఇమ్మానుయేలు నోరు తెరిచాడు. అందులో ఏ మాటలు సిద్ధంగా ఉన్నాయో మట్టెవాడకు బాగా తెలుసు. కానీ ఆ పిల్ల ముఖంలో బడిలో మంచి మార్కులు వస్తాయని ఎదురుచూసే వెలుగు ఉంది. అత్త నీళ్ళు శుభ్రంగా ఉండాలని చేసిన పని. ఎండ పెట్టె గురించి పాలవాడికి చెప్పాడు, పూలవాడికి చెప్పాడు, గుర్రపు బండివాడికి చెప్పాడు. అది అద్దంతో ఎండను తాగుతుందని ఈ ఇంటి కోడలికి మాత్రం చెప్పలేదు. నోరు మూసుకున్నాడు.

"ఉడుకు పోవుడు కాదమ్మా, రాలేదు. ఎండ అద్దంలకెల్లే దిగాలె," అన్నాడు నెమ్మదిగా.

ఆమెకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. తర్వాత రెండు చేతులతో నోరు కప్పుకుంది. "ఇప్పుడెట్ల? నేనే చంపుకున్నట్టయితది అన్నా."

"ఎవ్వలు ఎవ్వల్ని చంపుతలేరు. పట్టు, ఆ కొస పట్టు."

గొంగళ్ళు లేచాయి. నల్ల రేకు మీద ఎండ భళ్ళున పడింది. ఇమ్మానుయేలు నడుం మీద చేతులు పెట్టుకుని ఆలోచించాడు. గ్రహణం పట్టడానికి ఇక రెండు గంటల చిల్లర. అంతలో డ్రమ్ము డ్రమ్మంతా కాగే మాట కల్ల. అన్ని నీళ్ళకూ ఆ కాస్త ఎండ పంచితే అన్నీ గోరువెచ్చనే అవుతాయి, ఆమె చెయ్యి పెట్టి, తీసి, బావి దగ్గరికి పోతుంది. కానీ డ్రమ్ము డ్రమ్మంతా ఎవరికి కావాలి? ఒక్క ముసలమ్మకు తల మీద పోసుకునే నీళ్ళు కావాలి. ఎండ తక్కువున్నప్పుడు నీళ్ళు తక్కువ పెట్టాలి. అంత చిన్న సంగతి తట్టగానే అతనికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

"మీ ఇంట్ల పెద్ద గంగాళం తే," అన్నాడు. "మూత సుత తే. మళ్ళ చెప్పలేదనకు, దానికి నా చెయ్యి తగులుతది."

కళావతి ఒక్క క్షణం తటపటాయించింది. "తర్వాత చింతపండు ఏసి తోముకుంటలే," అంది. ఆమె మనసులో ఏ కల్మషమూ లేదు, అందుకే ఆ మాట ఇంకా ఎక్కువ తగిలింది. అతను పానా తీసి పనిలో పడ్డాడు.

పెట్టెకూ డ్రమ్ముకూ మధ్య నీళ్ళు తిరగకుండా కింది కుళాయి కట్టేశాడు. ఇప్పుడు పెట్టె గొట్టాల్లో ఉన్న కొద్ది నీళ్ళే ఎండలో చిక్కుకున్నాయి. పై గొట్టం కీలు విప్పి దాని కింద గంగాళం పెట్టాడు. గొట్టం మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. మొదట చల్లన, తర్వాత వెచ్చన, తర్వాత చెయ్యి దానంతట అదే వెనక్కొచ్చింది. అప్పుడు కింది కుళాయి కొద్దిగా వదిలాడు. డ్రమ్ములోని చన్నీళ్ళు కింద నుంచి తోస్తే, కాగిన నీళ్ళు పైన గంగాళంలోకి దూకాయి. నాలుగు చుక్కలు మణికట్టు మీద పడి చురుక్కుమన్నాయి.

"అబ్బ, కాలింది," అన్నాడు సంతోషంగా.

చల్లనివి రాగానే కట్టేశాడు. గంగాళానికి అడుగున ఊక సంచీ, చుట్టూ ఒక గొంగడి, మూత మీద రెండో గొంగడి. పొద్దున ఎండను రానీయకుండా చేసిన గొంగళ్ళే ఇప్పుడు వేడిని పోనీయకుండా కావలి కాశాయి. కళావతి దర్భ పోచ తెచ్చి గంగాళంలో వేసింది. మళ్ళీ చెయ్యి గొట్టం మీద, మళ్ళీ కాగడం, మళ్ళీ పట్టడం. మెడ మాడిపోతున్నా అతను తలకు రుమాలు కూడా చుట్టుకోలేదు. ఊరంతా తిట్టే ఎండ తన కోసం పరుగెత్తి పనిచేస్తుంటే, దాని ఎదుట తల కప్పుకోవడం మర్యాద కాదనిపించింది.

కింద నుంచి రాంచందర్ గొంతు వినిపించింది. "కళావతీ, పట్టు టైమైంది, దిగు. ఇమ్మానుయేలూ, నువ్వు సుత ఇంటికి పో, నీకేమన్నయితే నేనేం జవాబు చెప్పాలె?"

"మీరు తలుపులేసుకోండ్రి సేటూ. ఇంక ఒక్క పట్టు నీళ్ళు పట్టాలె."

కళావతి దిగింది. తలుపులు పడ్డాయి. ఆ ఒక్క పట్టు మరో రెండు పట్లు అయింది. ఎండ రంగు మారడం అతను అద్దం మీదే గమనించాడు. తెల్లటి మెరుపు పోయి పాత ఇత్తడి రంగు వచ్చింది. గొట్టం మీద చెయ్యి ఎంతసేపు పెట్టినా వెనక్కి రావడం లేదు. ఇంక లాభం లేదని కీలు బిగించి, గంగాళాన్ని మెట్ల గదిలోకి జరిపి, పక్కనే కూర్చున్నాడు.

మెట్ల గది పైన పాత రేకు, దానికి మేకు చిల్లులు. రోజూ ఆ చిల్లుల లోంచి నేల మీద గుండ్రటి ఎండ చుక్కలు పడతాయి. ఇప్పుడు ఆ చుక్కలన్నీ కొడవళ్ళయ్యాయి. అతను చూస్తుండగానే కొడవళ్ళు సన్నబడి, గోటి ముక్కలై, వెంట్రుకలయ్యాయి. బయట కాకులు గూళ్ళకు పోతున్నట్టు అరిచి ఆగిపోయాయి. చల్లగాలి వచ్చింది. పట్టపగలు పెట్టె నల్లగా, చల్లగా శవంలా పడి ఉంది.

అప్పుడు ఇమ్మానుయేలుకు భయమేసింది. గ్రహణం అంటే కాదు. ఇన్నాళ్ళూ ఎండ నాది నాది అని ఊరంతా చెప్పుకున్నాడు, అది ఎవరిదీ కాదని ఈ చీకటి ముఖం మీద చెబుతోంది. ఈ నీళ్ళు చల్లబడితే ఆమె నిజంగా బావి నీళ్ళు పోసుకుంటుంది. మొండి మనిషి, అన్న మాట తప్పదు. గొంగడి కింద చెయ్యి దూర్చి గంగాళం అంచు తాకాడు. వేడి. మూత తీసి చూడాలనిపించింది, తీస్తే పోతుందని ఆగాడు. కోట రాయి గుర్తొచ్చింది. దేవుణ్ణి వేరే ఏమీ అడగలేదు, గొంగడి నేసినవాడిని చల్లగా చూడమని అడిగాడు.

నేల మీద వెంట్రుకలు మళ్ళీ కొడవళ్ళయ్యాయి. కోడి ఒకటి ఎక్కడో కూసింది. చాలాసేపటికి చుక్కలు గుండ్రబడ్డాయి. కింద తలుపు తీసిన చప్పుడు, ఆ వెంటే ముసలమ్మ దగ్గు. పొద్దుటి నుంచి గొంతులో చుక్క నీళ్ళు పడలేదు. ఒక్కో ఊపిరికీ ఈల వేస్తోంది.

కళావతి మెట్లెక్కి వచ్చి గుసగుసగా అంది. "గంగాళం నేను పట్టుకపోత. నువ్వు చేత్తోని పట్టినవని చెప్పకు అన్నా. గొట్టంలకెల్లి వచ్చినయనే అనుకోనియ్యి."

అది తేలిక దారే. కానీ గంగాళం నిండుగా ఉంది, ఆమె ఒక్కతి లేపలేకపోయింది. అతను రెండో చెవి పట్టుకున్నాడు. ఇద్దరూ బయటి మెట్ల మీదుగా పెరట్లోకి దించారు. రాంచందర్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ముసలమ్మ స్నానాల గది ముందు పీట మీద కూర్చుని, గంగాళాన్నీ, దాన్ని పట్టుకున్న చేతులనూ చూసింది.

"గొట్టంల రావాల్సిన నీళ్ళు గంగాళంల ఎందుకు దిగుతానయి?"

కళావతి తల వంచుకుంది. ఇమ్మానుయేలుకు అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ మధ్యాహ్నమంతా ఎండలో మాడి చేసిన పని అది. అందులో తన చెయ్యి లేదని చెబితే తాను లేనట్టే.

"డ్రమ్ముల నీళ్ళు కాగలేదు పెద్దమ్మా. పెట్టెలకెల్లి నేను నా చేత్తోని పట్టిన. గంగాళం ముట్టిన. నిప్పు మాత్రం ముట్టలేదు."

ముసలమ్మ ఊపిరి ఈల ఒక్కటే వినిపిస్తోంది. రాంచందర్ "అమ్మా" అని ఏదో అనబోయాడు, ఆమె చెయ్యెత్తి ఆపింది.

"విడుపు స్నానం కానంత సేపు నేను మైల, నా కొడుకు మైల, కోడలు మైల, ఈ ఇల్లు మైల," అంది ఆయాసపడుతూ, ఒక్కో మాటా ఏరుకుంటూ. "నీకేమన్న మా కంటె ఎక్కువున్నదా? ఇటు తే."

అతను తెచ్చి ముందు పెట్టి గొంగడి తీశాడు. ఆమె మూత జరిపి వేళ్ళు ముంచింది. ముంచిన వేళ్ళు అంతే వేగంగా పైకొచ్చాయి. తడి చేతిని కొంగుకు తుడుచుకుంటూ అతని వైపు చూడకుండానే అంది.

"కళావతీ, జర సన్నీళ్ళు కలుపు."

ఇమ్మానుయేలు గోడ అవతలికి పోయి నిలబడ్డాడు. తలుపు వెనక చెంబు తరవాత చెంబు పడుతోంది. ప్రతి చెంబుకూ అతను దగ్గు కోసం చెవి ఒగ్గాడు. నీళ్ళు పడ్డాయి, ఆగాయి, మళ్ళీ పడ్డాయి. దగ్గు రాలేదు. ఊపిరి ఈల కూడా కొద్దికొద్దిగా సన్నగిల్లింది. అప్పటికి గానీ తన మెడ ఎంత కాలిందో అతనికి తెలియలేదు.

ఆరిన చీర కట్టుకుని, తల తుడుచుకుంటూ ఆమె పెరట్లో మిగిలిన ఎండ ముక్కలోకి వచ్చి కూర్చుంది. ఇప్పుడు ఆమె మడి. ఇమ్మానుయేలు తనంతట తానే రెండడుగులు వెనక్కి జరిగాడు. ఆమె అది చూసింది.

"రేపటి సంగతేంది?" అంది.

"రేపు డ్రమ్ము కాగుతది. నీళ్ళు గొట్టంలనే వస్తయి. నా చెయ్యి తగలది, మీకు ఫికర్ లేదు." దాచుకుందామన్నా ఆ మాటలో కారం దాగలేదు.

"తెల్లారేటాల్లకు గోరువెచ్చగైతయి గద అవి."

"అయితయి."

"ఈ తీరుగ మాపటీలి గంగాళంల పట్టి, ఊకల పెట్టి, గొంగడి కప్పితే?"

"డ్రమ్ము రాత్రంత మిద్దె మీద సలిల ఉంటది. గంగాళం ఇంట్ల పెట్టి కప్పితే పొద్దటిదాక ఉడుకుగనే ఉంటయి పెద్దమ్మా."

"అయితే రోజు మాపటీలి వచ్చి పట్టిపో."

"నా చేత్తోనా?"

"మరెవ్వలి చేత్తోని? ఇన్నేండ్ల సంది నేను పోసుకుంటాన్న నీళ్ళు ఏ చెయ్యి చేసిన బాయిలర్‌ల కాగినయి?" ఆమె కాసేపు ఊపిరి తీసుకుంది. ఈసారి ఈల లేదు. "రేపు వచ్చేటప్పుడు ఆ బాయిలర్ ఇప్పుకొని తీస్కపో. నాకిగ ఆ పొగ వద్దు."

ఇమ్మానుయేలు గొంగళ్ళు మడిచి మెట్ల మీద పెట్టాడు. సంచీ భుజానికి తగిలించుకుని వీధిలోకి వచ్చాడు. ఇళ్ళ ముందు కడిగిన నీళ్ళు పారుతున్నాయి, దుకాణాల తలుపులు తెరుచుకుంటున్నాయి. పాలవాడు ఎదురై ఏమైందని అడిగాడు, పూలవాడు అడిగాడు. అతను చెయ్యి ఊపి నడిచాడు. సుశీల గుమ్మంలోనే నిలబడి ఉంది. మాడిన మెడనూ తడిసిన చొక్కానూ చూసి, భయపడుతూ అడిగింది.

"ఏమైంది?"

"సన్నీళ్ళు కలుపుకున్నది," అన్నాడు ఇమ్మానుయేలు. ఆ మాట అనేసరికి అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.